నాన్న ఎడమ కన్ను

మా ఊరి హైస్కూల్లో కంటి పరీక్షలు పెడుతున్నారని మైకులో చెప్పించారు. అమ్మకి కొంతకాలంగా సూదిలో దారం ఎక్కటం లేదు. గుంటూరు స్కూల్లో పాఠాలు చెప్పే నేను రెండో శనివారం సెలవని వచ్చి ఉన్నాను. అమ్మను తీసుకెళ్దామంటే నాన్న కూడా బయల్దేరాడు. తనకి పరీక్షలు అక్కర్లేదనీ, మమ్మల్ని దింపి చేలోకి పోతాననీ ముందే చెప్పాడు. మిరపకి మందు కొట్టే మనుషులు వచ్చి ఉంటారని తొందరలో ఉన్నాడు.

పదో తరగతి గదిలో బెంచీలు ఒక పక్కకి తోసి, గోడకి అక్షరాల అట్ట తగిలించారు. అమ్మ పరీక్ష అయిపోయింది. అద్దాలు పెట్టుకుంటే చాలన్నారు. అక్కడ చూసే అమ్మాయి తలుపు దగ్గర నిలబడ్డ నాన్నను చూసి, "బాబాయ్, మీరు కూడా కూర్చోండి, నిమిషంలో అయిపోద్ది" అంది. నాన్న వద్దన్నాడు. అమ్మ ఊరుకోలేదు. "ఆ పిల్ల అంతగా అడుగుతుంటే ఏందయ్యా బెట్టు" అని చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది.

ఆ అమ్మాయి ముందు ఎడమ కన్ను మూసి చదవమంది. నాన్న పై వరసలు చదివాడు. కింది వరసలు అలికేసినట్టున్నాయన్నాడు. తర్వాత కుడి కన్ను మూసింది. నాన్న ఆగకుండా మళ్ళీ చదివాడు. నాకేమీ అనుమానం రాలేదు. అమ్మాయి మాత్రం అట్ట వైపు చూసి, నాన్న వైపు చూసి, "బాబాయ్, నేను అట్ట తిప్పేశాను. మీరు చదివింది ఇందాకటి వరస" అంది.

నాన్న కుర్చీలోంచి లేవబోయాడు.

ఆ అమ్మాయి అట్ట వదిలేసి దగ్గరికొచ్చింది. కుడి కన్ను మూసే ఉంచి, "ఇప్పుడు నేను ఎన్ని వేళ్ళు చూపిస్తున్నాను?" అని అడిగింది. నాన్న "రెండు" అన్నాడు. ఆ పిల్ల చెయ్యి అసలు ఎత్తనే లేదు. చేతులు రెండూ కిందికే ఉన్నాయి.

అమ్మ నవ్వింది. "ఆ పిల్లతో ఆటలేందయ్యా, సరిగ్గా చెప్పు" అంది. నాన్న ఆడుతున్నాడనే నేనూ అనుకున్నాను. ఆయనకి అలాంటి సరదాలున్నాయి. కానీ నవ్వలేదు ఆయన. ఒళ్ళో చేతులు పెట్టుకుని, అమ్మ గొంతు వచ్చిన వైపు కాకుండా నేరుగా గోడ వైపే చూస్తా ఉన్నాడు.

పక్క గదిలోంచి డాక్టరుగారిని పిలిచారు. ఆయన చిన్న టార్చి వేసి ఒక కంట్లో చూశాడు, ఇంకో కంట్లో చూశాడు, మళ్ళీ మొదటి కంటికి వచ్చాడు. "దెబ్బ ఎప్పుడు తగిలింది?" అని అడిగాడు.

"దెబ్బేం లేదండి" అన్నాడు నాన్న.

డాక్టరు నాన్న ఎడమ కనుబొమ మీద ఉన్న మచ్చ మీద వేలు పెట్టాడు. "మరి ఇదేంటి?"

నాన్న తల పక్కకి తిప్పుకున్నాడు. డాక్టరు మా వైపు తిరిగి, ఎడమ కంటి వెనక నరం పూర్తిగా చచ్చిపోయిందనీ, ఇది నిన్నా మొన్నా జరిగింది కాదనీ, ఆ కన్ను వెలుగు చూసి ఏళ్ళు గడిచి ఉంటాయనీ చెప్పాడు. "పైకి చూడటానికి శుభ్రంగా ఉంటుంది, ఎవరికీ తెలియదు. ఇంట్లో మీకు తెలుసు కదా" అన్నాడు.

మాకు తెలియదు. నేను నాన్న ఎడమ కంట్లోకి చూశాను. నా జీవితమంతా చూసిన కన్నే. నల్లగా, తడిగా, మామూలుగా ఉంది. నా ముఖం అందులో చిన్నగా కనిపిస్తోంది. నేను కనపడుతున్నాను కానీ అది నన్ను చూడటం లేదు. ఇంత దగ్గరగా నిలబడి కూడా నమ్మలేకపోయాను.

డాక్టరు ఇంకో మాట కూడా చెప్పాడు. ఉన్న ఆ ఒక్క కుడి కంట్లో శుక్లం ముదురుతోందట.

*

నాన్న ఎలాంటి మనిషో చెప్పకపోతే ఆ రోజు మాకు ఏమైందో అర్థం కాదు. మార్టూరు నుంచి లోపలికి పోతే మా ఊరు. నల్లరేగడి. సగం మిరప, సగం పత్తి. నాన్న పొద్దు పొడవక ముందే లేచేవాడు. మేం లేచేసరికి గేదెల కింద పేడ ఎత్తి, పాలు పితికి, చేలో ఒక చుట్టు తిరిగి వచ్చి వేపపుల్ల నములుతూ అరుగు మీద కూర్చుని ఉండేవాడు. కూలి మనుషులు రాని రోజున తనే పత్తి తీసేవాడు. మిరపకాయలు కల్లంలో ఆరబోసినప్పుడు వాన మబ్బు కనపడితే, పట్టలు కప్పటానికి ఊళ్ళో అందరికంటే ముందు ఆయనే పరిగెత్తేవాడు. ముందు మా కల్లం కప్పి, తర్వాత పక్కవాళ్ళది కప్పేవాడు. ఆయన నడిచినట్టు నాకు గుర్తు లేదు, ఎప్పుడూ పరుగే.

మాటలు తక్కువ కాదు. అమ్మను ఉడికించేవాడు. మమ్మల్ని నవ్వించేవాడు. దాచుకునే మనిషి కాదని అనుకునేవాళ్ళం. గుంటూరు మిర్చి యార్డులో కాయకి ఏ ధర పలికిందో, ఎవరితో గొడవపడ్డాడో, ఏం తిన్నాడో, అన్నీ అన్నం దగ్గర చెప్పేవాడు. అలాంటి మనిషి ఇంత సంగతి చెప్పకుండా మా మధ్యే తిరిగాడు.

దెబ్బ తగిలిన రోజు మాత్రం నాకు బాగా గుర్తుంది. నేను ఏడో తరగతి. అప్పట్లో మా చేలోకి కరెంటు మోటారు లేదు. వాగు గట్టు మీద ఆయిలింజను పెట్టి నీళ్ళు తోడేవాళ్ళు. ఆ ఇంజను హ్యాండిలు తిప్పి స్టార్టు చెయ్యాలి. ఒక్కోసారి వెనక్కి తన్నేది. ఆ రోజు పొద్దున హ్యాండిలు వెనక్కి తన్ని నాన్న ఎడమ కనుబొమ మీద కొట్టింది. తువ్వాలు నుదుటికి అదుముకుని ఇంటికొచ్చాడు. చొక్కా ముందు భాగమంతా నెత్తురు. ఊళ్ళో డాక్టరు కుట్లు వేశాడు. కన్ను వాచి మూసుకుపోయింది. మర్నాడు ఇంజను సామాను తేవాలని చెప్పి గుంటూరు వెళ్ళాడు. సాయంత్రానికి సంచీ నిండా బత్తాయిలు తెచ్చాడు. వాపు తగ్గింది, కుట్లు తీశారు, మచ్చ మిగిలింది. ఇంట్లో ఆ కథ అక్కడితో అయిపోయింది.

*

స్కూలు నుంచి ఇంటికి నడుచుకుంటూ వచ్చాం. నాన్న బండి అక్కడే వదిలేశాడు. ముందు నాన్న, వెనక మేం. దారి పొడుగునా నాకు ఒక్కొక్కటే గుర్తుకొస్తూ ఉంది. వద్దన్నా ఆగటం లేదు.

నాన్న గ్లాసులో నీళ్ళు పోసుకునేటప్పుడు చెంబు అంచును గ్లాసు అంచుకు ఆనించేవాడు. అది ఆయన అలవాటు అనుకున్నాం. గోతాలు కుట్టే దబ్బనంలో పురికొస ఎక్కించటం అమ్మకి ఇచ్చేవాడు. పెళ్ళి భోజనాల్లో ఎడమ చివర గోడ వారగా కూర్చునేవాడు. ఎవరైనా ఎడమ పక్కన నిలబడి పలకరిస్తే, తల ఒక్కటే కాకుండా మనిషంతా తిరిగేవాడు. పొగరని కొందరు అనుకునేవాళ్ళు. మెడ పట్టేసిందని అమ్మ నూనె రాసేది. ఆ నూనె రాయించుకునేవాడు కూడా, ఏమీ అనకుండా.

అన్నిటికన్నా ఒళ్ళు జలదరించేది బండి సంగతి. నా పదో తరగతి పరీక్షలకి రోజూ నాన్నే నన్ను మోటారు సైకిలు మీద మార్టూరు తీసుకెళ్ళాడు. హైవే ఎక్కితే పెద్ద పెద్ద గ్రానైటు రాళ్ళు వేసుకున్న లారీలు. ఒక్కో రాయి మా వంటింటి అంత ఉండేది. ఆ లారీల పక్కన రోడ్డు అంచున పోయేవాళ్ళం. నాన్న ఉండుండి మెడ పూర్తిగా తిప్పి ఎడమ వైపు చూసేవాడు. "ఎందుకు నాన్నా అస్తమానం అటు చూస్తావు?" అని ఒకసారి అడిగాను.

"మనకంటే ఆళ్ళ పత్తి బాగుందేమోనని" అన్నాడు.

నేను వెనక కూర్చుని పుస్తకం తెరుచుకుని చదువుకునేదాన్ని.

అన్నయ్య మార్టూరులో రాళ్ళు పాలిష్ పట్టే చోట పనిచేస్తాడు. ఫోను చేసి చెప్పాను. మిషన్ల చప్పుడులో సరిగా వినపడలేదేమో, రెండుసార్లు చెప్పించుకున్నాడు. "ఎవరు చెప్పారే నీకు, మతి ఉందా? నాకు ట్రాక్టరు నేర్పింది ఎవరనుకున్నావు?" అన్నాడు. మళ్ళీ తనే, "నాన్న ఎప్పుడూ మడ్‌గార్డు మీద ఎడమ పక్కన కూర్చుని, కుడి చేత్తో స్టీరింగు పట్టుకునేవాడు గదా" అన్నాడు. ఆ తర్వాత ఫోనులో మిషన్ల చప్పుడే వినిపించింది.

*

అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కోపమొచ్చింది. ఆ కోపం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఇంటికొచ్చి నాన్న ఎదురుగా నిలబడింది.

"ఏవయ్యా, నేను నీకేమవుతాను?"

నాన్న మంచం మీద కూర్చుని కాళ్ళు తుడుచుకుంటున్నాడు. "ఏమవుతావేంది?" అన్నాడు.

"అదే అడుగుతున్నా. ఇన్నేళ్ళు ఒక్క కంచంలో తిన్నట్టు బతికాం. నీ కన్ను పోతే నాకు ఎవరో పిల్ల చెప్పాలా?"

"చెప్తే ఏం చేసేదానివి?"

"ఏడ్చేదాన్ని."

"అందుకే చెప్పలా."

"నా ఏడుపు నాది గదయ్యా. అది కూడా నాకు లేకుండా చేశావు."

నాన్న మంచం మీంచి లేచాడు. తువ్వాలు భుజాన వేసుకుని చేలోకి పోయాడు. మందు కొట్టే మనుషులు నిజంగానే వచ్చి ఉన్నారు.

ఆ రాత్రి నుంచి అమ్మ ఆయనతో మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టేది, నీళ్ళు పెట్టేది, మాట మాత్రం లేదు. గ్లాసులో నీళ్ళు తనే పోసి చేతికిచ్చేది. అది నాన్నకి ఇంకా కష్టంగా ఉండేది. "నేను పోసుకుంటాలే" అనేవాడు. అమ్మ వినిపించుకునేది కాదు.

మర్నాడు పొద్దున అమ్మ నన్ను వెంటబెట్టుకుని ఊరి చివర ఇంజన్లు బాగుచేసే షెడ్డు దగ్గరికి వెళ్ళింది. ఆ షెడ్డు ఒక సాయిబుగారిది. మా తాతల కాలం నుంచి మా ఊరి వాళ్ళే. నాన్నకి చిన్ననాటి స్నేహితుడు. నేను మామా అని పిలుస్తాను. దెబ్బ తగిలిన మర్నాడు నాన్నతో గుంటూరు వెళ్ళింది ఆయనే.

మమ్మల్ని చూసి ఆయన లేచి నిలబడ్డాడు. అమ్మ ముఖం చూసి విషయం అర్థమైనట్టుంది. పాత గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "కూర్చో చెల్లెమ్మా" అని స్టూలు జరిపాడు.

"నీకు తెలుసా అన్నా?"

"తెలుసమ్మా."

"నాకు చెప్పాలనిపించలా?"

"రోజూ అనిపించింది. ఒట్టేయించుకున్నాడు, మా పిల్లల మీద."

అప్పుడు చెప్పాడు. గుంటూరులో కళ్ళ డాక్టరు చూసి, నరం దెబ్బతిందనీ ఇక చూపు రాదనీ చెప్పాడట. నాన్న ఆస్పత్రి మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాడట. ఏడవలేదట. చివరికి లేచి, "పద, చేలో తడి ఆరిపోతే పూత రాలిపోద్ది" అన్నాడట. బస్టాండులో బత్తాయిలు కొన్నాడట.

అంతవరకు నేను ఊహించగలిగాను. ఆ తర్వాత చెప్పింది ఊహకందలేదు.

ఒక్క కన్నే ఉంటే ఏ వస్తువు ఎంత దూరంలో ఉందో మొదట్లో తెలియదట. నాన్న రోజూ సాయంత్రం షెడ్డుకి వచ్చేవాడట. మాకేమో బేరాలు మాట్లాడటానికి పోతున్నానని చెప్పేవాడు. అక్కడ కూర్చుని నట్లలోకి బోల్టులు ఎక్కించేవాడట. ఎక్కకపోతే మళ్ళీ, మళ్ళీ. డబ్బాలోంచి సీసాలోకి డీజిలు వంచేవాడట. మామ సీసా పట్టుకునేవాడట. "నా కాళ్ళ మీద ఎంత డీజిలు పోశాడో అమ్మా, మా ఇంట్లో ఆవిడ వాసన పడలేక నన్ను బయట పడుకోబెట్టేది" అన్నాడు మామ. కోతలు లేని కాలంలో ఖాళీ కల్లంలో బండి నడిపేవాడట. రాళ్ళు పేర్చి వాటి మధ్యలోంచి పోనిచ్చేవాడట. రెండుసార్లు పడ్డాడట.

"మళ్ళీ నేర్చుకున్నాడమ్మా అన్నీ" అన్నాడు మామ. "అన్నం కలుపుకోవటం తప్ప అన్నీ నేర్చుకున్నాడు. సరిగ్గా వచ్చిందాకా పిల్లల్ని బండెక్కించలేదు. అది మాత్రం నేను చూశాను."

అమ్మ స్టూలు మీద అలాగే కూర్చుంది. ఆ ఏడాది నాన్న మోకాళ్ళు చెక్కుకుపోయి రావటం ఆమెకీ గుర్తొచ్చి ఉంటుంది. గట్టు మీద జారానని చెప్పాడు. పసుపు రాసింది ఆమే.

"నాతోటి నేర్చుకోవచ్చు గదా అన్నా. సీసా నేను పట్టుకునేదాన్ని" అంది.

మామ తలొంచుకున్నాడు.

*

కుడి కంటికి ఆపరేషన్ చెయ్యక తప్పదన్నారు. మామూలుగా అందరికీ జరిగేదే, వెళ్ళిన రోజే పంపించేస్తారు. కానీ నాన్నకి ఉన్నది ఒకటే కన్ను. వందలో ఒకరికి తేడా చేసినా ఆ ఒక్కరూ తనే అయితే ఏమిటన్నది ప్రశ్న. గుంటూరు ఆస్పత్రిలో డాక్టరమ్మ ఇదంతా దాచకుండా చెప్పింది. నాన్న వింటూ ఉన్నాడు. ఆయన భయపడటం నేను మొదటిసారి చూశాను. ఇంజను తన్నినప్పుడు భయపడలేదు. పత్తి మొత్తం గులాబి పురుగు తినేసిన ఏడూ భయపడలేదు. ఇప్పుడు ఒళ్ళో తువ్వాలు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెడుతున్నాడు.

"చెయ్యకపోతే?" అని అడిగాడు.

"మెల్లగా మొత్తం మూసుకుపోతుందండి" అంది ఆవిడ.

"చేసెయ్యండి మరి" అన్నాడు.

ఆపరేషన్ చేసి కంటికి కట్టు కట్టారు. మర్నాడు పొద్దున విప్పుతామన్నారు. మిగతా వాళ్ళకి కట్టు కడితే ఇంకో కంటితో చూస్తారు. నాన్నకి మొత్తం చీకటి. అందుకని ఆ ఒక్క రాత్రికి గది ఇచ్చారు. అమ్మా నేనూ ఉన్నాం. అమ్మ ఇంకా మాట్లాడటం లేదు.

నాన్న మంచం మీద వెల్లకిలా పడుకుని కదలకుండా ఉన్నాడు. కాసేపటికి చెయ్యి చాపి గాల్లో వెతికాడు. అమ్మ చెయ్యి తగిలింది. "గాజులు తెలుస్తున్నాయిలే" అన్నాడు. అమ్మ చెయ్యి వెనక్కి లాక్కోలేదు, మాట్లాడనూ లేదు.

"కిటికీలోంచి ఏం కనపడుద్ది?" అని అడిగాడు.

అమ్మ కిటికీ వైపు తల తిప్పింది. "ఆటోలు" అంది.

"ఇంకా?"

"బజ్జీల బండి. ఆయన నూనె మార్చలేదు, నల్లగా ఉంది. ఒకావిడ పిల్లాణ్ణి ఎత్తుకుని బేరమాడుతుంది. పిల్లోడు ఏడుస్తన్నాడు. మేడ మీద ఎవరో దుప్పటి ఆరేసి మర్చిపోయారు."

నాన్న ఒక్కొక్కటీ అడిగాడు. దుప్పటి రంగు అడిగాడు. బజ్జీలాయన ముసలాడా, వయసులోవాడా అని అడిగాడు. అమ్మ అన్నీ చెప్పింది. చెప్పీ చెప్పీ, ఉన్నట్టుండి ఆపేసి ఏడ్చింది. ఎన్నేళ్ళ కిందటి ఏడుపో అది. నాన్న ఊరుకోబెట్టలేదు. ఆమె చెయ్యి అలా పట్టుకుని పూర్తిగా ఏడవనిచ్చాడు.

పొద్దున కట్టు విప్పారు. నాన్న ఆ కన్ను పదేపదే ఆర్పి, ముందు డాక్టరమ్మను చూశాడు. తర్వాత నన్ను. తర్వాత అమ్మను చాలాసేపు చూశాడు.

"నీ జుట్టు ఎప్పుడు తెల్లబడింది?" అన్నాడు.

డాక్టరమ్మ నవ్వింది. అమ్మ, "నువ్వు పత్తి చూసుకుంటా ఉన్నప్పుడు" అంది. మేం మా నాన్న చూపు ఎంత మసకబారిందో అప్పటిదాకా తెలుసుకోలేదు. ఉన్న ఆ ఒక్క కన్నూ పొగలో ఉండగానే ఆయన పండు కాయనీ తాలు కాయనీ వేరుచేస్తూ, కోతల ముఠా మీద కేకలేస్తూ తిరిగాడు.

బయల్దేరే ముందు డాక్టరమ్మతో, "నా తర్వాత ఈ కన్ను మీరే తీసుకోండమ్మా. రెండోది ఎటూ పనికిరాదు" అన్నాడు. ఆవిడ సరేనంది. ఇంటికొచ్చాక మాతో కూడా ఆ మాట రెండుమూడు సార్లు చెప్పాడు. మాట వరసకి అంటున్నాడనుకున్నాను.

*

ఆ తర్వాత నాన్న కొన్నేళ్ళు బాగా బతికాడు. మామతో కలిసి బహిరంగంగా తన కన్ను మీద జోకులు వేసుకునేవాడు. ఎడమ పక్కన ఎవరైనా వచ్చి కూర్చుంటే, "అటు కూర్చుంటే నువ్వు లేనట్టే లెక్క, ఇటు రా" అనేవాడు. అమ్మ హైవే మీద బండి ఎక్కటం మాత్రం మానేసింది. బస్సులో పోయేది. నాన్న కూడా బస్సే ఎక్కేవాడు ఆమెతో.

పోయిన ఏడు మిరప కోతలప్పుడు పోయాడు. జబ్బు లేదు, మంచం పట్టలేదు. పొద్దున్నే కోతకి వచ్చిన ఆడవాళ్ళకి మంచినీళ్ళు తెచ్చి పెట్టాడు. గుండెల్లో మంటగా ఉందని గట్టు మీద కూర్చున్నాడు. మజ్జిగ తాగమని ఒకావిడ తెచ్చి ఇచ్చేసరికి పక్కకి ఒరిగిపోయాడు. అన్నయ్య పని దగ్గర నుంచి పరిగెత్తుకొచ్చేసరికి అయిపోయింది. నాకు ఫోను వచ్చినప్పుడు క్లాసులో ఉన్నాను. బోర్డు మీద రాస్తున్న వాక్యం సగంలో ఉంది. ఆ సగం వాక్యం ఏమిటో ఎంత ఆలోచించినా గుర్తు రాదు.

నేను ఇల్లు చేరేసరికి వాకిట్లో జనం. అమ్మ నాన్న తల దగ్గర కూర్చుని ఉంది. నన్ను చూడగానే ఏడుపు ఆపి, "కళ్ళవాళ్ళకి ఫోను చెయ్యి, ఆలస్యమైతే పనికిరావంట" అంది. నేను నిలబడిపోయాను. ఆమెకి గుర్తుంది.

బంధువుల్లో ఒక పెద్దాయన అడ్డం పడ్డాడు. "కళ్ళు తీసేసి పంపిస్తారా మనిషిని? అక్కడికెళ్ళి దారెట్టా చూసుకుంటాడు?" అన్నాడు.

"ఇక్కడ ఒక్కదాంతోనే చూసుకున్నాడు లే బాబాయ్. అక్కడ కూడా నేర్చుకుంటాడు" అంది అమ్మ. ఆయన పక్కకి తప్పుకున్నాడు.

గుంటూరు నుంచి ఒక అబ్బాయి, ఒక అమ్మాయి వచ్చారు. ముందు గదిలోకి నాన్నను మార్చి, మమ్మల్ని కొంచెం బయట ఉండమన్నారు. నేను ఆ అబ్బాయిని ఆపి, "కుడి కన్ను ఒక్కటేనండి. ఎడమది చూడదు. ఎప్పుడో పోయింది" అని చెప్పాను. అతను ఎలా పోయిందని అడిగాడు. చెప్పాను. లోపలికెళ్ళి లైటు వేసి చూసి, బయటికొచ్చాడు.

"రెండూ తీసుకుంటామండి" అన్నాడు. "మేం వాడేది కంటి ముందుండే పొర. మీ నాన్నగారికి పోయింది వెనక నరం. పొరకి ఏమీ కాలేదు. కుడి కంటికి ఆపరేషన్ అయింది కాబట్టి అది పనికొస్తుందో లేదో అక్కడ పరీక్ష చేసి చెప్పాలి. ఎడమ కన్ను మాత్రం చాలా బాగుంది."

నాకు అర్థం కాలేదు. అర్థమైనా తలకెక్కలేదు. అమ్మ అక్కడే స్తంభానికి ఆనుకుని వింటోంది.

"ఏ కన్ను బాగుందయ్యా?" అని అడిగింది.

"ఎడమదమ్మా."

"ఇంకొకరికి పెడితే అది చూసుద్దా?"

"వాళ్ళ నరం బాగుంటే చూస్తుందమ్మా."

అమ్మ కింద కూర్చుండిపోయింది. మామ జనంలోంచి ముందుకొచ్చి ఆ అబ్బాయి చేత మళ్ళీ మొదటినుంచి చెప్పించుకున్నాడు. విని, పక్కకెళ్ళి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆయన భుజాలు కదలటం చూశాను. ఆస్పత్రి మెట్ల మీద నాన్న పక్కన కూర్చున్న మనిషికి, ఆ కన్ను పోయిందని మా అందరికంటే ముందు తెలిసిన మనిషికి, ఈ మాట ఎలా తగిలి ఉంటుందో నేను చెప్పలేను.

పెద్దకర్మ కాకముందే ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది. కుడి కంటి పొర పనికి రాలేదట. ఎడమది ఒకరికి పెట్టారట. ఎవరికన్నది చెప్పరు. ఆడా మగా కూడా చెప్పలేదు. చూపు వచ్చిందని మాత్రం చెప్పారు. ఆ మాట విన్నాక ఫోను ఎంతసేపు చెవి దగ్గర పెట్టుకుని ఉన్నానో తెలియదు. అన్నయ్య వచ్చి నా చేతిలోంచి తీసుకున్నాడు.

కాయ చెట్టు మీద పండి ఉంది. ఆగటానికి లేదు. పెద్దకర్మ అయిన మర్నాడే కోతల ముఠా మళ్ళీ వచ్చింది. అమ్మ నాతో కలిసి చేలోకి నడిచింది. ఆడవాళ్ళు బోదెల్లో, సాళ్ళ మధ్య వంగి కాయ కోస్తూనే పలకరించారు. సంగతి అప్పటికే ఊరంతా తెలుసు, కానీ ఆమె నోటి నుంచి వినాలని ఉంది అందరికీ. ఒకావిడ నడుం ఎత్తి, "అక్కా, చూపు లేని కన్ను ఇంకొకళ్ళకి ఎట్టా చూస్తదంట?" అని అడిగింది.

అమ్మకి పూర్తిగా తెలియదు. తెలిసినంతవరకు చెప్పటం మొదలుపెట్టింది. ముందర పొర, వెనక నరం అంటూ చేతులతో చూపించింది. మధ్యలో తప్పు పోయి, నా వైపు తిరిగి అడిగి, మళ్ళీ అందుకుంది. పక్క బోదెలో వాళ్ళకి వినపడలేదంటే గొంతు పెంచి ఇంజను హ్యాండిలు దగ్గర నుంచి మళ్ళీ చెప్పింది. వాళ్ళు కోత ఆపి వింటున్నారు. ఎండెక్కుతోంది. అమ్మ వాళ్ళను పని చెయ్యమని అనలేదు.